వార్తల్లో పదం: కర్బ్ వెయిట్

ఇంధనం నిండి, మనుషులూ సామానూ లేని కారు సొంత బరువే కర్బ్ వెయిట్. చక్రాల మీది ఇల్లు లాంటి కారవాన్‌ను కారుకు తగిలించి లాగే బ్రిటన్‌లో కొత్తవారికి చెప్పే మొదటి లెక్క దీని మీదే: సామానుతో సహా కారవాన్ గరిష్ఠ బరువు ఇందులో 85 శాతం దాటకూడదు. 1,500 కిలోల కారైతే 1,275 కిలోలు. ఇది సలహాయే, చట్టం కాదు. కారు తయారీదారు పెట్టిన పరిమితిని మాత్రం మీరడానికి వీల్లేదు.

అక్కడితో అయిపోలేదు. సామాను ఎక్కడ సర్దామన్నదీ ముఖ్యమే. కలిదిండి చేపల చెరువు గట్ల మీద మేత బస్తాలు తోలే ట్రాక్టరు డ్రైవరుకు ఇది కొత్త కాదు: ట్రక్కులో బరువంతా వెనక్కి పడితే ముందు కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలు పట్టు వదులుతాయి. కారవాన్‌కూ అంతే. దాని బరువులో 5 నుంచి 7 శాతం కొక్కెం మీద పడాలి. అదీ కారు కొక్కేనికి రాసిన హద్దులోపలే. బరువైనవి ఇరుసు దగ్గర, నేల మీదే ఉండాలి. వెనక భాగంలో గ్యాస్ సిలిండరు, మంచినీళ్ల డబ్బాలు కుక్కడం నా దృష్టిలో వేగం కన్నా పెద్ద తప్పు. బండి పాములా ఊగడం మొదలయ్యేది అక్కడే. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగు తిప్పకుండా, యాక్సిలరేటరు మీంచి కాలు తీయాలి.