షటర్ దించే ముందు సిస్టం బంద్: అపోహలు – వాస్తవాలు

నాంపల్లి కోర్టుల దగ్గరి డీటీపీ షాపుల్లో రాత్రి మూసే వేళకు ఒక చేయి షటర్ మీద, ఇంకో చేయి మెయిన్ స్విచ్ మీద ఉంటుంది. లోపల సిస్టం నడుస్తూనే ఉంటుంది. "అది బంద్ అయ్యేదాకా ఎవరు నిలబడతరు భయ్యా, రేపు ఆన్ చేస్తే అదే వస్తది" అంటారు. చాలాసార్లు వస్తుంది కూడా. రాని రోజున మాత్రం వకీలు సార్ అఫిడవిట్ కోసం వచ్చి కుర్చీలో కూర్చుంటే, తెర మీద డిస్క్ రిపేరు శాతాలు నెమ్మదిగా కదులుతుంటాయి.

అబిడ్స్, నాంపల్లి షాపుల్లో సిస్టంలు చూసే పని నాది. బస్సు దొరకాలన్న ఆ తొందర నాకు తెలుసు. అందుకే ఫోన్‌లో ఈ ఒక్క కమాండ్ చెబుతుంటాను: షట్‌డౌన్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ టి, స్పేస్, 600. ఆరు వందల సెకన్లు, అంటే పది నిమిషాలు. మీరు గల్లా లెక్క చూసుకుని, కౌంటర్ సర్దుకునేలోపు విండోస్ తనంతట తానే ఆగుతుంది. అప్పుడు మెయిన్ దించుకోవచ్చు. ఇంత చిన్న కమాండ్ చుట్టూ అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెరలో టైప్ చేసి ఆపితే సిస్టం ఖరాబవుతుంది.

మౌస్‌తో ఆపినా, టైప్ చేసి ఆపినా విండోస్ చేసేది ఒకే రకం పని. ప్రోగ్రాములను మూస్తుంది, మెమరీలో మిగిలినదాన్ని డిస్కుకు రాస్తుంది, ఆ తర్వాతే కరెంటు వదులుతుంది. లినక్స్ కూడా ముందు ప్రతి ప్రోగ్రాముకూ ముగించుకోమని సిగ్‌టర్మ్ పంపుతుంది. ఇప్పటి లినక్స్‌లలో ఒక సర్వీసు ఆగడానికి మామూలుగా 90 సెకన్ల దాకా ఆగి చూస్తుంది, అప్పటికీ వినకపోతేనే సిగ్‌కిల్ వాడుతుంది. ఖరాబు చేసేది మెయిన్ స్విచ్. సేవ్ అయిందని తెర మీద కనబడిన ఫైలు కూడా కొన్ని క్షణాలు మెమరీలోనే ఉండొచ్చు. విండోస్ డిస్కులోని ఎన్‌టీఎఫ్‌ఎస్ జర్నల్ ఫోల్డర్ల అల్లికను కాపాడుతుంది గానీ, ఆ ఫైలులోని అక్షరాలకు పూచీ పడదు.

ఇంకో మాట. మెనూలో షట్ డౌన్ నొక్కితేనే పూర్తిగా ఆగినట్టని చాలామంది నమ్మకం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చాక ఈ లెక్క మారింది. అది ఆన్‌లో ఉంటే మెనూ నుంచి ఆపినప్పుడు విండోస్ కెర్నల్ భాగాన్ని డిస్కులో నిద్రపుచ్చి, పొద్దున దాన్నే లేపుతుంది. పూర్తిగా ఆపేది కమాండే, దానికి స్లాష్ హైబ్రిడ్ తగిలించనంత వరకు. రోజూ బంద్ చేస్తున్నామని చెప్పిన ఒక షాపులో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద అప్ టైమ్ చూపించాను. 19 రోజులని ఉంది. సిస్టం మందగించిందని వాళ్లు కొత్త ర్యామ్ కొనబోతున్నారు. రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

అపోహ: విండోస్‌లో నేర్చుకుంటే లినక్స్‌లోనూ అదే.

పేరొక్కటే అదే. విండోస్‌కు సెకన్లు చెప్పాలి, లినక్స్‌కు నిమిషాలు. అరగంటకు అక్కడ 1800, ఇక్కడ ప్లస్ 30. అలవాటు కొద్దీ విండోస్‌లో 30 కొడితే అర నిమిషంలో తెర నల్లబడుతుంది. లినక్స్‌లో ప్లస్ 1800 కొడితే ముప్ఫై గంటలు నడుస్తూనే ఉంటుంది. అక్షరాలూ తిరగబడతాయి: విండోస్‌లో సి అంటే సందేశం, లినక్స్‌లో సి అంటే రద్దు. లినక్స్‌కు 20:30 అని గడియారం టైమూ చెప్పొచ్చు. అయితే అద్దె క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో నడుస్తాయి. అక్కడ 20:30 అంటే మనకు తెల్లవారుజామున 2 గంటలు. మొజంజాహీ మార్కెట్ గడియారం ఎనిమిదిన్నర చూపే వేళకు సర్వర్ ఆగాలంటే 15:00 ఇవ్వాలి. ముందు డేట్ అని కొట్టి దాని టైమెంతో చూసుకోండి.

యూపీఎస్ ఉంటే ఇవేవీ అక్కర్లేదన్నది మరో నమ్మకం. మంచి బ్యాటరీ ఉన్న చిన్న యూపీఎస్ ఒక సిస్టంను పది, పదిహేను నిమిషాలు మోస్తుంది. ఎవరో ఒకరు ఆపకపోతే ఆ తర్వాత జరిగేది కరెంటు పోయినప్పటి సంగతే. మీ యూపీఎస్‌కు యూఎస్‌బీ పోర్టు ఉంటే కేబుల్ కలపండి, బ్యాటరీ అడుగంటేలోపు ఆగిపోయేలా విండోస్‌లోనే పెట్టుకోవచ్చు.

అపోహ: టైమర్ పెడితే తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ అయ్యాకే ఆగుతుంది.

నాకు బాధగా గుర్తుండేది ఇదే. ఒక షాపులో రోజూ ఎనిమిదింటికి సిస్టం ఆగేలా టాస్క్ షెడ్యూలర్‌లో నేనే పెట్టాను. టైమ్ సున్నా కన్నా ఎక్కువ ఇస్తే స్లాష్ ఎఫ్, అంటే బలవంతంగా మూసేయడం, దానంతటదే చేరుతుందని వాళ్లకు చెప్పలేదు. ఆ సాయంత్రం ఆపరేటరమ్మ అను ఫాంట్లలో ఒక పెద్ద దావా టైపు చేస్తోంది. మధ్యలో ఎవరో జిరాక్సుకు వస్తే లేచి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి సేవ్ చేయని పేజీలన్నీ పోయాయి. సేవ్ చేస్తారా అని అడిగే పెట్టె రానేలేదు. రాత్రి పదిన్నర దాకా కూర్చుని మళ్లీ కొట్టింది. తప్పు నాది.

ఆగే ముందు చెప్పడమే అసలు పని. ఐఆర్‌సీటీసీలో రాత్రి 11:45 నుంచి 12:20 దాకా బుకింగ్ ఉండదని నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కేవాళ్లకు తెలుసు, తెలుసు గనుకే ముందే చూసుకుంటారు. విండోస్‌లో స్లాష్ సి పెట్టి కొటేషన్ల మధ్య మనకు కావలసిన మాట రాయొచ్చు, 512 అక్షరాల దాకా. లినక్స్ లాగిన్ అయి ఉన్నవారందరికీ హెచ్చరిక పంపి, ఆఖరి 5 నిమిషాల్లో కొత్తవాళ్లను లోపలికి రానివ్వదు.

విండోస్‌లో కమాండ్ ఇచ్చాక ఆ నల్ల కిటికీ మూసేస్తే రద్దయిందని అనుకోకండి. లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది. రద్దుకు షట్‌డౌన్ స్లాష్ ఏ కొట్టాలి. టైమ్ మార్చాలన్నా ముందు అదే. నేరుగా రెండోసారి పెడితే ఇప్పటికే షెడ్యూల్ అయి ఉందంటూ 1190 ఎర్రర్ వస్తుంది.

ఆ షాపులో ఇప్పుడు ఎనిమిదింటికి "సేవ్ చెయ్యి అక్కా, పది నిమిషాల్లో బంద్" అని తెర మీద వస్తుంది. మాట ఆపరేటరమ్మ చెప్పిందే, టైపు నేను చేశాను. కీబోర్డు పక్కన అట్టముక్క మీద స్లాష్ ఏ అని పెన్నుతో రాసుకుంది. రాయించుకునేవాళ్లు ఇంకా ఉంటే అది కొట్టి, పని ముగించి, మళ్లీ 600 పెట్టి లేస్తుంది.