పాట ఆగినా ఆగని జంట

మంచుగచ్చు మీద జంటగా చేసే స్కేటింగులో కష్టమంతా అడుగు కలపడంలోనే ఉంది. కాడెద్దుల్లో ఒకటి మారితే పడే అవస్థ మా రైతుబిడ్డలకు తెలుసు!

సోవియట్ క్రీడాకారిణి ఇరీనా రోద్నినా ఉలానొవ్‌తో కలిసి 1972 సప్పోరో ఒలింపిక్ స్వర్ణం గెల్చింది. ఆ ఏడే అతను వేరే జోడీకి వెళ్లిపోయాడు. ఆమె జైత్సెవ్‌తో జతకట్టింది. 1973 బ్రాటిస్లావా ప్రపంచ పోటీల్లో, ఆట మధ్యలో పాట ఠక్కున ఆగిపోయింది. వీళ్లు ఆగలేదు, నిశ్శబ్దంలోనే పూర్తిచేశారు. చివరికి స్వర్ణం వాళ్లదే. ఎట్లాగంటారా? ఆమె ఎగిరే క్షణమూ, అతను పైకెత్తే క్షణమూ ఒకటి కావాలి. తప్పితే బరువంతా అతని చేతుల మీదే. ఆ లెక్క అప్పటికే ఒంటికి పట్టిందన్నమాట, ఏడాది తిరక్కుండానే!

1978కి ఆమెవి వరసగా పది ప్రపంచ టైటిళ్లు. 1979లో కొడుకు పుట్టాడు. 1980 లేక్ ప్లాసిడ్‌లో మూడో ఒలింపిక్ స్వర్ణం, జైత్సెవ్‌తోనే.