నీలం (రత్నం)

నీలం నవరత్నాలలో ఒకటి. దీనిని ఇంద్రనీలం, నీలమణి అని కూడా అంటారు. ఆంగ్లంలో దీని పేరు సఫైర్. ఇది కురువిందం అనే ఖనిజానికి చెందిన రత్నం. రత్నశాస్త్రంలో ఎర్రని కురువిందాన్ని కెంపు అని, మిగిలిన రంగుల వాటిని నీలం జాతి అని వ్యవహరిస్తారు. కనకపుష్యరాగం పేరుతో అమ్మే పసుపుపచ్చని రాయి కూడా సాధారణంగా ఈ ఖనిజమే.

లక్షణాలు

కురువిందం రసాయనికంగా అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధమైన స్ఫటికానికి రంగు ఉండదు. ఇనుము, టైటానియం స్వల్ప పరిమాణంలో కలిసినపుడు నీలి రంగు, క్రోమియం కలిసినపుడు ఎరుపు రంగు ఏర్పడతాయి. మోస్ కొలమానంపై దీని కఠినత్వం 9, వజ్రానిది 10. అందువలన నిత్యం ధరించినా త్వరగా గీతలు పడవు. దీని సాంద్రత నీటి కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ.

నీలం స్ఫటికం ఒక దిశ నుండి ఊదా ఛాయ గల నీలంగాను, మరొక దిశ నుండి ఆకుపచ్చ ఛాయ గల నీలంగాను కనిపిస్తుంది. కనుక సానపట్టే పనివారు మేలైన రంగు పైకి కనబడేలా రాయిని కోస్తారు.

నక్షత్ర నీలం

కొన్ని రాళ్ళలో రూటైల్ అనే ఖనిజం సూక్ష్మమైన సూదుల వలె మూడు దిశలలో అమరి ఉంటుంది. అటువంటి రాయిని గుండ్రని గుమ్మటం వలె సానపడితే, వెలుతురులో ఆరు కిరణాల నక్షత్రం కనిపిస్తుంది. శ్రీలంకలో లభించిన 563.35 క్యారట్ల 'స్టార్ ఆఫ్ ఇండియా' న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉంది. 1964లో చోరీకి గురైన ఈ రాయి 1965లో తిరిగి లభించింది.

లభించే ప్రదేశాలు

శ్రీలంక, మయన్మార్, మడగాస్కర్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ దేశాలలో నీలాలు లభిస్తాయి. కాశ్మీరులోని పాడర్ ప్రాంతంలో 1880ల ఆరంభంలో బయటపడిన నీలాలు మెత్తని, గాఢమైన రంగుకు ప్రసిద్ధి పొందాయి. తెలుగు ప్రాంతాలలో ఉమ్మడి ఖమ్మం, అనంతపురం జిల్లాలలో కురువిందం ఉంది. పారదర్శకత లేని కురువిందాన్ని ఒరపిడి పొడుల తయారీలో వాడతారు.

కృత్రిమ నీలాలు, గుర్తింపు

ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నెయిల్ 1902లో కృత్రిమ కెంపుల తయారీ పద్ధతిని ప్రకటించాడు. కొద్ది కాలానికే అదే పద్ధతిలో నీలాలు కూడా తయారయ్యాయి. కృత్రిమ నీలం రసాయనికంగా సహజ నీలమే. కఠినత్వం, సాంద్రత కూడా సమానమే. కనుక గాజును గీసి చూడడం వంటి పరీక్షలతో దీనిని వేరుపరచలేము. ఈ పద్ధతిలో తయారైన రాయిలో సూక్ష్మదర్శిని కింద వంపు తిరిగిన పెరుగుదల రేఖలు, గాలి బుడగలు కనిపించవచ్చు. సహజ రాళ్ళను కూడా రంగు మెరుగుపడేందుకు వేడి చేయడం సర్వసాధారణం. వేడి చేయని రాయికి విలువ ఎక్కువ కాబట్టి, ఖరీదైన రాయిని కొనే ముందు రత్న పరీక్షాశాల ధ్రువపత్రం చూడడం మంచిది.

విశ్వాసాలు

జ్యోతిషంలో నీలాన్ని శని గ్రహానికి చెందిన రత్నంగా భావిస్తారు. ఇది అందరికీ సరిపడదని, కొంతకాలం పరీక్షించి ధరించాలని చెబుతారు. ఈ నమ్మకాలకు శాస్త్రీయ ఆధారం లేదు.