దవడ నొప్పికి మెడ వ్యాయామం



మన సంఘస్థురాలైన ఒక సోదరి బట్టలు కుట్టి పిల్లల్ని చదివించుకుంటున్నారు. ఎడమ చెవి పోటు అంటూ మన ఓ.పి.కి వచ్చారు. చూస్తే చెవిలో లోపమేమీ లేదు. అంతకు ముందే పన్ను నొప్పి అనుకొని వేరే చోట ఒక పన్ను పీకించుకున్నారు. “పన్ను పోయింది గాని నొప్పి పోలేదు సిస్టరుగారూ” అని కంటతడి పెట్టారు. నోరు తెరవమంటే రెండు వేళ్లు పట్టేంతే తెరవగలిగారు. డాక్టరుగారు పరీక్షించి, ఇది దవడ కీలు సమస్య అని, మెడను కూడా సరిచేసుకోవాలని చెప్పారు.

దవడకూ మెడకూ సంబంధమేమిటి?

చెవికి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. మన తల బరువు సుమారు 5 కిలోలు. తల భుజాలకు సరిగ్గా పైన ఉంటే మెడ ఆ బరువును సులువుగా మోస్తుంది. మిషను మీదికో, సెల్‌ఫోను మీదికో గంటల తరబడి వంగి కూర్చుంటే మెడ కండరాలు బిగుసుకుంటాయి. వాటితో పాటు దవడ కండరాలూ బిగుస్తాయి. అందరికీ ఇదే కారణం కాదు. పళ్లు కొరకడం, మానసిక ఒత్తిడి, దెబ్బ తగలడం, కీళ్లవాతం వల్ల కూడా దవడ నొప్పి వస్తుంది. నొప్పి లేకుండా ‘టిక్కు’మని శబ్దం మాత్రమే వస్తే సాధారణంగా భయపడనవసరం లేదు.

ఇంట్లో చేయదగిన వ్యాయామాలు

ముందుగా వేడి నీళ్లలో పిండిన గుడ్డతో దవడకు 10 నిమిషాలు కాపడం పెట్టండి. తరువాత నిటారుగా కూర్చోండి.

1. దవడకు విశ్రాంతి: పెదవులు మూసి, పళ్లు ఒకదానికొకటి తగలకుండా ఉంచండి. నాలుక కొన పై పళ్ల వెనుక అంగిటికి ఆనించి, ముక్కుతో 6 సార్లు నిదానంగా ఊపిరి తీసి వదలండి.

2. నోరు తెరవడం: నాలుక అంగిటిని వదలకుండా నోటిని మెల్లగా తెరిచి మూయండి. దవడ పక్కకు జరగకుండా అద్దంలో చూసుకోండి. 6 సార్లు.

3. గడ్డం వెనక్కి: తల ఎత్తకుండా, దించకుండా గడ్డాన్ని తిన్నగా వెనక్కి జరిపి 5 సెకన్లు ఆపండి. 6 సార్లు.

4. మెడ సాగదీయడం: కుడి చెవిని కుడి భుజం వైపు వంచి 20 సెకన్లు ఉంచండి. భుజం పైకి లేపవద్దు. ఎడమ వైపూ అలాగే. చెరి 3 సార్లు.

5. భుజాలు వెనక్కి: రెండు రెక్క ఎముకలను దగ్గరకు తెచ్చి 5 సెకన్లు ఆపి వదలండి. 6 సార్లు.

రోజుకు రెండు మూడు పూటలు చేయండి. కొద్దిగా లాగినట్టు ఉండవచ్చు గాని నొప్పి పుట్టకూడదు. చేతులతో బలవంతంగా నోరు తెరవవద్దు. నొప్పి తగ్గేవరకు ఇడ్లీ, రాగిజావ, పప్పన్నం వంటి మెత్తని ఆహారం తీసుకోండి. జంతికలు, చెరకు, వక్క మానండి. ఆవులింత వస్తే గడ్డం కింద చేయి ఆనించండి.

ఇవి కనిపిస్తే వ్యాయామంతో కాలయాపన చేయవద్దు

దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుట్కా, వక్క నమిలేవారికి నోరు క్రమంగా మూసుకుపోతుంటే అది వేరే జబ్బు, క్యాన్సరుకు దారితీయవచ్చు. గాయం తరువాత దవడ బిగుసుకుపోతే ధనుర్వాతమేమో చూడాలి. నోరు తెరిచాక మూతపడకపోయినా, వాపు, జ్వరం ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

ఆ సోదరి మా ఫిజియోథెరపీ విభాగంలో ఈ వ్యాయామాలు నేర్చుకున్నారు. మిషను దగ్గర ఎత్తు స్టూలు తీసేసి పొట్టిది వేసుకున్నారు. అరగంటకోసారి లేచి నిలబడుతున్నారు. ఆరు వారాలకు నోట్లో మూడు వేళ్లు పట్టాయి. పని ఎక్కువైన రోజున ఇప్పటికీ కొంచెం నొప్పి ఉంటుందట, కాని రాత్రి నిద్ర పడుతోంది. పోయిన పన్ను మాత్రం తిరిగి రాదు. అందుకే చెబుతున్నాం: కారణం తేలకుండా పన్ను తీయించుకోవద్దు.

ఆమెకు నేర్పుతూ మేమూ మా డ్యూటీ గదిలో కేసు షీట్ల మీద ఎలా వంగి రాస్తున్నామో గమనించుకున్నాం. ఇప్పుడు ఒకరినొకరం “సిస్టర్, గడ్డం!” అని హెచ్చరించుకుంటున్నాం. మీ ఇంట్లోనూ అలాగే గుర్తుచేసుకోండి. ప్రభువు మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యం దయచేయును గాక.