ప్రక్కవాద్యమువారి జ్ఞాపకము

సంగీతసభల ప్రకటనలలో గాయకుని పేరు పెద్దయక్షరములతో నుండును. ఫిడేలు, మృదంగము వాయించువారి పేర్లు దానిక్రింద నణగియుండును. ఇది లోకాచారము. కాని యా గాయకుడు దివంగతుడైన పిమ్మట, ఆయన యే రాత్రి యే సంగతి నెట్లు త్రిప్పెనో చెప్పగలవారు ప్రక్కన గూర్చుండి ప్రతిస్వరమును వెంబడించినవారే. వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారిని తలచినప్పుడెల్ల నీ విషయము మనస్సునకు దోచును.

వారు 1926 మార్చి 27న ఏలూరు చెంతనున్న సోమవరప్పాడున జన్మించి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి శిష్యులైరి. పంతులుగారి గురువులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. శాస్త్రిగారి గురువులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. ఆయన సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యులు. కావేరితీరపు విద్య యిన్ని చేతులు మారి మన గోదావరిబిడ్డల దోసిళ్లలో బడినది. కోనసీమలోని శంకరగుప్తమున బుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారును పంతులుగారి శిష్యులే. వయస్సున రామస్వామిగారికంటె నాలుగేండ్లు చిన్నవారు.

చిన్నవాడైన గురుసోదరుడు వేదిక నడుమ గూర్చుండగా, పెద్దవాడు ప్రక్కన గూర్చుండి వాయించుటకు విద్య మాత్రమే చాలదు, మనస్సు పెద్దది కావలెను. గాయకుడు రాగము నాలాపించుచుండగా ఫిడేలు నీడవలె అరక్షణము వెనుక నడువవలెను. ఆయన యాగినంతనే తన వంతు తాను వినిపింపవలెను. కల్పనస్వరములలో వెంటనే బదులు చెప్పవలెను. మూడు, నాలుగు స్వరములతోనే క్రొత్తరాగములు గల్పించిన బాలమురళిగారివంటి గాయకునితో ఈ పని సామాన్యమా? రామస్వామిగారు తామును వందన, శ్రీనివాసి యను రాగములను, త్రినేత్రాది, వేదాది యను తాళములను గల్పించిరి. వానిని నేడు పాడువారెందరో సభలవారే చెప్పవలెను.

1948లో విజయవాడ ఆకాశవాణి యేర్పడినది. ఆ యేడే అందు జేరి 1986వరకు వారు కొలువు చేసిరి. తొలిదినములలో కచేరీలు పెక్కు అప్పటికప్పుడే ప్రసారమయ్యెడివి. వినినవారు వినిరి, తక్కినది గాలిలో గలసినది.

పంతులుగారు 1951లో గతించిరి. ద్రాక్షారామమున బుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు 1987లోను, వారి శిష్యులు కాకినాడ చిట్టిబాబుగారు 1996లోను, పిఠాపురము చెంతనున్న కొత్తపల్లివారైన నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లోను వెడలిపోయిరి. 2016 నవంబరు 22న బాలమురళిగారును కన్నుమూసిరి. వీరిలో ఈమనివారొక్కరు తప్ప శిష్యతరమువారందరును రామస్వామిగారికంటె చిన్నవారే! పెద్దవానికి చిన్నవారి మరణవార్తలు వినవలసివచ్చుట దీర్ఘాయువునకు జెల్లించు సుంకము.

బాలమురళిగారికి 1971లో పద్మశ్రీ వచ్చినది. రామస్వామిగారికి 2021లో, తొంబదియైదవ యేట, వచ్చినది. నడుమ సరిగా ఏబదియేండ్లు. ప్రక్కవాద్యము వెనుకనే రావలెనని ప్రభుత్వమువారును దలచిరి కాబోలు!

మన మండలములలో త్యాగరాజ ఆరాధనములు జరిపించిన గృహస్థుల యిండ్లలో పాత ఆహ్వానపత్రికలు, ఛాయాచిత్రములు, టేపుచుట్టలు అటకలమీద నింకను గలవు. వానిలో నున్నవారెవరు, పాడినదేమి యని గుర్తింపగల వృద్ధవిద్వాంసులు ప్రతి పట్టణమునను ఒకరిద్దరైనను దొరకుదురు. ఈ వేసవిలోనే ఆ పెట్టెలు దింపించి, వారియొద్దకు గొనిపోయి, వారు చెప్పినది వ్రాయించుట మంచిది.