6.7 అంగుళాల డిస్‌ప్లే అంటే పిల్లలు ఎందుకు నవ్వుతున్నారు?

పోయిన నవంబర్‌లో మా ఫ్లాట్ పక్కన బోరు వేస్తున్నారు. ఆ మోతలో రివ్యూ రికార్డ్ చేయడం కుదరక, మైకు, ఫోన్ పట్టుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళా. తలుపు వేసుకుని మొదలుపెట్టా: "ఇందులో సిక్స్ పాయింట్ సెవెన్ ఇంచ్ అమోలెడ్ డిస్‌ప్లే..." అంతే, పక్క గదిలోంచి "సిక్స్ సెవెన్!" అని అరుపు, దాని వెనకాలే నవ్వు. టేక్ పోయింది. మళ్ళీ మొదలుపెట్టా, మళ్ళీ అదే చోట అదే అరుపు. మూడోసారి తలుపు తీసి చూస్తే ఎనిమిదో తరగతి చదివే మా మేనల్లుడు చింటూ రెండు అరచేతులూ పైకి పెట్టి, తక్కెడలా ఒకటి పైకి ఒకటి కిందికి ఊపుతూ నిలబడ్డాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదు మావయ్యా. సిక్స్ సెవెన్."

"అంటే?"

"అంటే ఏం లేదు."

ఆరేళ్ళుగా ఫోన్లు రివ్యూ చేస్తున్నా. 6.7 అంగుళాలు అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఐఫోన్ 12 ప్రో మ్యాక్స్ దగ్గర్నుంచి గెలాక్సీ ఎస్25 ప్లస్ దాకా అదే సైజు కదా. ఎప్పుడూ ఎవరూ నవ్వలేదు. నాకు అర్థం కానిది మా ఇంట్లో పిల్లాడికి అర్థమవుతోందంటే కొంచెం మండింది కూడా.

ఇది జోకుగానే మిగిలిపోయేది. కానీ వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. క్లాసులో మ్యాథ్స్ మేడం పేజీ నంబర్ 67 తియ్యమన్నారట. సగం క్లాసు అరిచింది, ముందు బెంచీలో ఉన్న మావాడు దొరికిపోయాడు. డైరీలో రాసి పంపారు. "నువ్వే కదరా ఫోన్ల గురించి అందరికీ చెప్తావు. ఆ పిచ్చి వాడి ఫోన్లో రాకుండా చెయ్యి. లేకపోతే ఫోనే తీసి బీరువాలో పెట్టేస్తా" అంది. ఆదివారం వెళ్ళి వాడి ఫీడ్ చూస్తూ కూర్చున్నా. బ్లాక్ చేయాలంటే ముందు అదేంటో తెలియాలి కదా.

కథ పెద్దదేం కాదు. ఫిలడెల్ఫియాకి చెందిన స్క్రిల్లా అనే ర్యాపర్ పాటలో ఈ రెండు అంకెలు వస్తాయి. ఆ ముక్కని ఎవరో బాస్కెట్‌బాల్ వీడియోలకి తగిలించారు, ముఖ్యంగా లామెలో బాల్ క్లిప్పులకి. ఎందుకంటే అతని ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. తర్వాత 2025లో ఒక మ్యాచ్ దగ్గర ఓ చిన్న కుర్రాడు కెమెరాలోకి ఆ మాట అరుస్తూ చేతులు ఊపాడు. ఆ ఊపే ప్రపంచమంతా తిరిగింది. దీనికి నేను ప్రత్యేకంగా అర్థమంటూ ఏదీ పెట్టలేదని పాట పాడినతనే చెప్పాడు. అయినా డిక్షనరీ డాట్ కామ్ దీన్నే 2025 సంవత్సరపు పదంగా ఎంచుకుంది. అర్థం లేని మాటకి నిఘంటువు వాళ్ళు పట్టం కట్టారన్నమాట. నేను రెండుసార్లు చదివా, నిజమే.

మరి అర్థం లేనిది ఎందుకు ఇంతలా పాకింది? అర్థం లేదు కాబట్టే అనిపిస్తోంది నాకు. మామూలు జోకుకి ఒక సందర్భం కావాలి, చెప్పేవాడికి కాస్త నేర్పు కావాలి, వినేవాడికి భాష రావాలి. దీనికి ఇవేవీ అక్కర్లేదు. బస్సు నంబర్, క్రికెట్ స్కోరు, బ్యాటరీ పర్సెంటేజ్, పరీక్ష మార్కులు, ఎక్కడ 67 కనిపించినా జోకు రెడీ. ఫ్యూజన్ అక్కర్లేని యూనివర్సల్ ఛార్జర్ లాంటిది, ఏ సాకెట్‌లో పెట్టినా పని చేస్తుంది. ఇంకో సంగతి, ఇందులో అసలు పంచ్ పిల్లలు అరిచే మాట కాదు. అది విని మనం పెట్టే మొహం. నేను మూడోసారి తలుపు తీసినప్పుడు వాడు నవ్వింది నన్ను చూసి.

హాస్యం మీద పరిశోధన చేసే పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో ఒక మాట చెప్పారు. ఏదైనా తప్పుగా ఉండాలి, కానీ దానివల్ల ఎవరికీ హాని లేదని కూడా అనిపించాలి, రెండూ ఒకేసారి జరిగితే నవ్వొస్తుంది అని. క్లాసులో రెండు అంకెలు అరవడం సరిగ్గా అదే. తప్పే, కానీ బూతు కాదు, ఎవర్నీ తిట్టడం కాదు. టీచర్ ఏమని శిక్షించాలి? లెక్క చదివినందుకా?

వింతల గొడవ 6-7తో మొదలవ్వలేదు లెండి. 2023లో అలెక్సీ గెరాసిమోవ్ అనే యానిమేటర్ కమోడ్‌లోంచి తల బయటికొచ్చి పాడే వీడియో యూట్యూబ్‌లో పెట్టాడు. అదే స్కిబిడి టాయిలెట్. రెండేళ్ళకి స్కిబిడి అనే మాట కేంబ్రిడ్జ్ డిక్షనరీలో చేరింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2023లో రిజ్‌ని, 2024లో బ్రెయిన్ రాట్‌ని సంవత్సరపు పదాలుగా ఎంచుకున్నారు. బ్రెయిన్ రాట్ అనే మాట కొత్తదేం కాదు, హెన్రీ డేవిడ్ థోరో 1854లోనే వాల్డెన్ పుస్తకంలో వాడాడు. బుర్ర కుళ్ళిపోతోందన్న కంప్లైంట్ రీల్స్ కంటే చాలా పాతదన్నమాట.

2025 మొదట్లో ఇటాలియన్ బ్రెయిన్ రాట్ వచ్చింది. బూట్లు వేసుకున్న మూడు కాళ్ళ షార్క్, తల బదులు కప్పు ఉన్న డ్యాన్సర్, చేతిలో కర్రతో తిరిగే చెక్కమొద్దు. అన్నీ ఏఐ బొమ్మలే. ఆ చెక్కమొద్దు పేరు టుంగ్ టుంగ్ టుంగ్ సహూర్. అది ఇండోనేషియా నుంచి వచ్చింది, రంజాన్‌లో తెల్లారకముందే సహర్ భోజనానికి డప్పు కొట్టి లేపే శబ్దం అది. పాతబస్తీలో పెరిగినవాళ్ళకి ఆ డప్పు గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ మన గాడ్జెట్ల పాత్ర ఉంది. ఒకప్పుడు ఇలాంటి బొమ్మ కావాలంటే గీయడం రావాలి, యానిమేషన్ రావాలి. ఇప్పుడు ఫోన్లో ఒక వాక్యం టైప్ చేస్తే చాలు. పైగా రీల్స్‌లో "ఈ ఆడియో వాడండి" బటన్ ఉంది. నా ఉద్దేశంలో గత పదేళ్ళ ఫీచర్లలో దీన్ని మించింది లేదు, కెమెరా మెగాపిక్సెల్స్ గురించి మనం రాసుకున్నదంతా దీని ముందు దండగ. ఒకే శబ్దాన్ని లక్షమంది లక్ష రకాలుగా వాడగలగడమే మీమ్‌కి ప్రాణం. మన దగ్గర 2016లో జియో వచ్చి డేటా చవకైంది. 2020 జూన్‌లో టిక్‌టాక్ బ్యాన్ అయితే నెల తిరక్కుండా ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ దిగాయి. అమెరికాలో పుట్టిన పిచ్చి హైదరాబాద్ స్కూల్ బస్సు ఎక్కడానికి రోడ్డు అలా పడింది.

మన సొంత సరుకు తక్కువేం కాదు. హైదరాబాద్‌లో ఒక పెద్దాయన యూట్యూబ్ ఛానెల్‌తో మాట్లాడుతూ కోపంలో కుర్చీ మడతపెట్టడం గురించి ఏదో అన్నాడు. అది మీమ్ అయ్యి, స్టిక్కర్ అయ్యి, 2024 సంక్రాంతికి గుంటూరు కారంలో తమన్ ట్యూన్‌తో మహేశ్ బాబు, శ్రీలీల డ్యాన్స్ చేసే పాటైపోయింది. కుర్చీకీ ఆ పాటకీ సంబంధమేంటని థియేటర్లో ఎవరైనా అడిగారా? ఇంకా వెనక్కి వెళ్తే, మహాప్రస్థానం రాసిన శ్రీశ్రీయే సిప్రాలిలో ప్రాసక్రీడలు, లిమరిక్కులు రాశాడు. మాటలతో ఊరికే ఆడుకోవాలనే సరదా మహాకవికీ తప్పలేదు.

సరే, చింటూ దగ్గరికొద్దాం. ఫీడ్ అంతా చూశాక అడిగా, "నిజంగా చెప్పరా, ఇందులో నీకేం నచ్చింది?" చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. బావకి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఖమ్మం నుంచి వచ్చాక జూన్‌లో కొత్త స్కూల్లో చేరాడు కదా, వాడి ఇంగ్లీషు విని నవ్వేవాళ్ళట. దసరా సెలవుల దాకా బస్సులో ఒక్కడే కూర్చునేవాడట. "ఒకరోజు ముందు ఆగిన బండి నంబర్ ప్లేట్ మీద 67 ఉంది మావయ్యా. ఒకడు చేతులూపాడు. నేనూ ఊపా. ఇద్దరం నవ్వాం. అప్పట్నుంచి వాడు నా పక్కనే కూర్చుంటున్నాడు."

నాలుగు నెలలు వాడు ఒంటరిగా ఉన్నాడని ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. మేము వాడి స్క్రీన్ టైమ్ గురించి మాట్లాడుకుంటూ ఉన్నాం.

అక్కని పిలిచి చెప్పా. అక్క మొదట నమ్మలేదు. అప్పుడు నేను "కఅకక్కా, కగుకర్తుంకదా?" అన్నా. చిన్నప్పుడు మా ఇద్దరికీ క-భాష ఉండేది, ప్రతి అక్షరం ముందూ ఒక క. అమ్మ ముందే అమ్మ గురించి మాట్లాడుకునేవాళ్ళం, అమ్మకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ మజా అంతా అందులోనే కదా. అక్క నవ్వేసింది. బీరువా సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అలాగని అంతా వదిలేయలేదు. ఆ మూడు కాళ్ళ షార్క్ ఒరిజినల్ ఆడియోలో ఇటాలియన్‌లో దేవుణ్ణి దూషించే మాటలున్నాయి. చింటూ దాన్ని రాగం తీసి పాడుతున్నాడు, ముస్లిం స్నేహితుడి ముందు కూడా. ఏంటో చెప్పగానే మొహం మాడిపోయింది, వెంటనే ఆపేశాడు. సిగ్మా, లుక్స్‌మ్యాక్సింగ్ లాంటి మాటలు ఆడవాళ్ళని ద్వేషించే గుంపుల చుట్టూ పెరిగి వచ్చినవని కూడా చెప్పా. ఇది వాడికి పూర్తిగా ఎక్కినట్టు లేదు, మళ్ళీ చెప్పాలి. శబ్దం నచ్చితే చాలు పట్టుకునే వయసులో, దాని లోపల ఏముందో చూసే ఓపిక ఉండదు. ఏ సెట్టింగూ ఆ పని చేసిపెట్టదు. సెట్టింగ్ వరకైతే, ఫ్యామిలీ లింక్‌లో యాప్‌కి ఇంత టైమ్ అని పెట్టొచ్చు, అది పెట్టా. ఇన్‌స్టాలో సజెస్టెడ్ కంటెంట్ రీసెట్ చేసే ఆప్షన్ ఉంది, అది వాణ్ణే చేసుకోమన్నా. 6-7ని బ్లాక్ చేసే సెట్టింగ్ ఏ ఫోన్లోనూ లేదు. ఉన్నా పెట్టేవాణ్ణి కాదు.

అయినా దాన్ని చంపడానికి బ్లాక్ ఎందుకు, పెద్దవాళ్ళం మనం చాలు. బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్ అదే నవంబర్‌లో ఒక స్కూలుకి వెళ్ళి పిల్లలతో కలిసి చేతులూపారు. ఆ స్కూల్లో అది నిషేధమట, సారీ చెప్పాల్సొచ్చింది. గూగుల్‌లో 67 అని వెతికితే స్క్రీన్ పైకీ కిందికీ ఊగేలా పెట్టారు. నేను కూడా నా వంతు చేశా. డిసెంబర్‌లో ఒక రివ్యూలో 6.7 అంగుళాల దగ్గర కెమెరా ముందు చేతులూపా. చాలా బాగా వచ్చిందనుకున్నా. చింటూకి పంపితే రెండు గంటల తర్వాత ఒకే మెసేజ్: "మావయ్యా, డిలీట్ చెయ్యవా ప్లీజ్."

సంక్రాంతికి అందరం అమ్మ దగ్గరికి వెళ్ళాం. కుక్కర్ పెట్టి అమ్మ పూజ గదిలోకి వెళ్తూ "ఆరేడు విజిల్స్ వచ్చాక స్టవ్ ఆపండ్రా" అంది. నేను చింటూ వైపు చూశా. వాడు ఫోన్లోంచి తలెత్తలేదు.

"ఏరా, ఆరేడు అంది అమ్మమ్మ. ఊపవా?"

"అది అయిపోయింది మావయ్యా."

"మరి ఇప్పుడేంటి?"

చెప్పలేదు. పక్కనున్న బస్సు స్నేహితుడు, వాణ్ణి కూడా ఊరికి తెచ్చుకున్నాడు, ఏదో గొణిగాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లోపల్నుంచి అమ్మ మాత్రం, ఎవరు నేర్పారో, గుమ్మం దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపుతోంది.