వార్తల్లో పదం: సహేతుక సర్దుబాటు

జైపూర్ థర్మల్ ప్లాంటు నుంచి గోదావరిఖని బొగ్గు బావుల దాకా సింగరేణి కార్మికులు ఎక్కువగా మాట్లాడుకునే మాట ‘మెడికల్ అన్‌ఫిట్’. మెడికల్ బోర్డు అలా తేలిస్తే అర్హుడైన వారసుడికి కారుణ్య నియామకం దక్కవచ్చు. హెచ్‌ఐవీ సోకిందని తెలిసిన కార్మికుడి మనసు మొదట అటే పోతుంది. కానీ అతనికి తెలియాల్సిన మాట వేరే ఉంది.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, వైరస్ ఉందన్న కారణంతో ఉద్యోగం తీసేయకూడదు. తీసేయాలంటే, విధులకు పనికిరాడని, లేదా ఇతరులకు సోకే ముప్పు గణనీయంగా ఉందని స్వతంత్ర వైద్యుడు రాతపూర్వకంగా తేల్చాలి. అప్పుడు కూడా ‘సహేతుక సర్దుబాటు’ ఎందుకు చేయలేమో యాజమాన్యం రాసివ్వాలి. సర్దుబాటు అంటే, అండర్‌గ్రౌండ్ పని చేయలేనివారికి సర్ఫేస్‌లో తేలిక పని, మందులకు వెళ్లేందుకు షిఫ్టు మార్పు లాంటివి. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు.

అయితే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో హెచ్‌ఐవీ లేదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో వైకల్య సర్టిఫికెట్ రాదు. తెలంగాణలో ప్రభుత్వ పింఛను మాత్రం హెచ్‌ఐవీ బాధితులకు విడిగా ఉంది.

హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. క్రమం తప్పక వాడేవారు ఏళ్ల తరబడి డ్యూటీ చేయగలరు. అందుకే, భయంతో అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెట్టేముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.